చర్చి మీద ఉన్నది గోపురమా, గుమ్మటమా?

సందేహం: ఇటలీలోని ఫ్లోరెన్స్ నగరానికి వెళ్లొచ్చి, అక్కడి సాంతా మరియా దెల్ ఫియోరె చర్చి గురించి వ్యాసం రాస్తున్నాను. దాని డోమ్‌ను ‘గోపురం’ అంటే తప్పన్నారు మిత్రులొకరు. ‘గుమ్మటం’ అందామంటే అది మసీదులకూ సమాధులకూ చెందిన మాటలా అనిపిస్తోంది. లోపలి ఫ్రెస్కోలను ‘కుడ్యచిత్రాలు’ అనవచ్చా?

సమాధానం: గుమ్మటం అనే రాయండి, సంకోచం వద్దు. అది పారసీకం నుంచి వచ్చిన మాట. బీజాపూర్ గోల్ గుంబజ్‌లోని ‘గుంబజ్’ కూడా ఇదే. ఆ మాట చెప్పేది కట్టడం ఆకారాన్నే, కట్టినవారి మతాన్ని కాదు.

గోపురం సంగతి వేరు. ‘పురద్వారం తు గోపురం’ అంది అమరకోశం. అంటే ఊరి వాకిలి. తర్వాత అది గుడి వాకిలి మీది కట్టడానికి పేరైంది. తెలుగు బైబిలులో బాబెలు వాళ్లు కట్టబోయిందీ గోపురమే. కాబట్టి నిటారుగా లేచిన కట్టడాన్ని గోపురం అనడం క్రైస్తవ తెలుగులో స్థిరపడిన వాడుక. మెదక్ చర్చికి ఉన్నది గోపురం అంటే ఎవరూ కాదనరు.

మీరు చూసొచ్చిన చోట ఈ తేడా మరీ ముఖ్యం, ఎందుకంటే అక్కడ రెండూ పక్కపక్కనే ఉన్నాయి. 1334లో చిత్రకారుడు జొట్టో మొదలుపెట్టిన గంటల కట్టడం దాదాపు 85 మీటర్ల ఎత్తు. గోపురం అన్న మాట దానికి ఉంచండి. వాస్తుశిల్పి బ్రూనెల్లెస్కి 1420లో మొదలుపెట్టి 1436కి ముగించినది గుమ్మటం. రెంటినీ గోపురమే అంటే పాఠకుడు ఏది చూడాలి?

ఆ గుమ్మటం గురించి రాసేటప్పుడు మన మేస్త్రీల మాటలు వాడుకోండి, చక్కగా అతుకుతాయి. కింది నుంచి సెంట్రింగ్ కొట్టకుండానే దాన్ని లేపారు. దాదాపు 45 మీటర్ల వెడల్పుకు అంత కలప తేవడమూ నిలపడమూ అయ్యే పని కాదు. అందుకే లోపలొకటి, బయటొకటి రెండు పొరలుగా కట్టి, ఇటుకలను చేపముల్లు ఆకారంలో పేర్చారు. వరస వంపు తిరుగుతున్నా, నిలువుగా పెట్టిన ఇటుకలు పక్కవాటిని జారనివ్వవు. ఇదంతా తెలుగులో ఇంత తేలిగ్గా చెప్పగలిగినప్పుడు ‘నిర్మాణ సాంకేతిక నైపుణ్యం’ లాంటి బరువు మాటలు ఎందుకండీ?

ఇక ఫ్రెస్కో. అన్ని కుడ్యచిత్రాలూ ఫ్రెస్కోలు కావు. గోడ మీద బొమ్మ ఏదైనా కుడ్యచిత్రమే. ఫ్రెస్కో అంటే తడి ఆరని సున్నపు పూత మీద, నీళ్లలో కలిపిన రంగులతో వేసేది. సున్నం గట్టిపడుతూ రంగును తనలోనే పట్టేసుకుంటుంది. అందుకని ఏ రోజు వేయగలిగినంత మేరకే ఆ రోజు పూత పూస్తారు.

అయితే మీ వ్యాసానికి కుడ్యచిత్రాలు అన్న మాటే సరిగ్గా సరిపోతుంది. ఆ గుమ్మటం లోపలి ‘అంతిమ తీర్పు’ చిత్రాన్ని 1572లో చిత్రకారుడు వాసరి మొదలుపెట్టి, తడి సున్నం మీదే వేశాడు. రెండేళ్లకు ఆయన పోయాడు. 1579లో పూర్తి చేసిన జుక్కారి చాలామటుకు ఆరిన గోడ మీద వేశాడు. మొత్తాన్నీ ఫ్రెస్కోలంటే ఆయన పని విషయంలో తప్పు రాసినట్టే. ఎవరి పని ఎలాంటిదో చెప్పాల్సిన చోట మాత్రం, వాసరివి ‘తడి సున్నం మీద వేసిన బొమ్మలు’ అని విప్పి రాయండి.