గారెలు వండామా, వేయించామా, గోలించామా?

సందేహం: మాది తెనాలి దగ్గర పల్లె. మా ఇంట్లో గారెలు, అరిసెలు, జంతికలు అన్నీ 'వండుతాం'. మా కోడలిది కరీంనగర్. ఆ అమ్మాయి 'గోలిచ్చిన' అంటుంది. మనవరాలు ఫోనులో వంటలు చూసి 'డీప్ ఫ్రై చెయ్యాలి నానమ్మా' అంటోంది. మొన్న సంక్రాంతికి మూకుడు ముందు ముగ్గురం ఇదే గొడవ. ఏది సరైన తెలుగు? డీప్ ఫ్రైకి మనకి మాటే లేదా?

సమాధానం: అమ్మా, మీ ముగ్గురిలో ఎవరిదీ తప్పు కాదని ఒక్క ముక్కలో చెప్పి తప్పుకోవచ్చు. కానీ చివర్లో 'మాటే లేదా' అన్నారు చూడండి, అక్కడ నాకు కాస్త చురుక్కుమంది.

ఇంగ్లీషువాడు మూకుట్లో నూనె ఎంతుందో చూసి పేరు పెట్టాడు. మన ఆడవాళ్లు నూనెలో పడే వస్తువునీ, తమ చేతులు చేసే పనినీ చూశారు. అందుకే బజ్జీలు వేస్తాం, గారెలు తట్టి వండుతాం, జంతికలు వత్తుతాం, బూందీ దూస్తాం, వడియాలు వేయిస్తాం. అన్నీ దిగేది ఆ నూనెలోకే. ఇన్ని క్రియలున్న ఇంటికి వెళ్లి మీ దగ్గర మాట లేదా అని అడిగితే ఏం చెప్పాలి?

అసలు మాట 'వేగు'. దీని గురించి రాయమని ఎవరూ అడగరు, నేనేమో అవకాశం కోసం కాచుకుని కూర్చుంటాను. 'వేగు'కీ నూనెకీ సంబంధమే లేదు. శనగల్ని వేడి ఇసకలో వేయిస్తారు, ఒక్క చుక్క నూనె ఉండదు. ఉప్మాకి రవ్వ వేయిస్తాం, ఉత్త బాండీలోనే. లోపలి తడి పోయి, పచ్చివాసన పోయి, కరకరలాడే స్థితికి రావడం వేగడం. వేడి, వెచ్చన, వేసవి, వేసంగి అన్నీ దీని చుట్టాలే. తమిళంలోనూ ఈ మాట ఉంది. అక్కడ వేగడమంటే ఉడకడం. ధాతువు ఒక్కటే, వేడి తగలడం. తమిళుల పప్పు వేగితే మెత్తబడుతుంది, మన పప్పు వేగితే పళ్ల కింద పటపటమంటుంది. వాళ్లు నీళ్ల వైపు వెళ్లారు, మనం పొడి వైపు వచ్చాం.

కాగు–కాచు, దాగు–దాచు అన్నట్టే వేగు–వేచు. పాత పుస్తకాల్లో వేయించడానికి 'వేచు' అనే వాడారు. 'వేపు' అన్న రూపమూ ఉంది, మన వేపుడు ఆ కొమ్మకి కాసిందే. తర్వాత 'వేగించు' అన్నది నోట్లో నలిగి 'వేయించు' అయి కూర్చుంది. దాంతో ఒక తమాషా జరిగింది. 'వేయు' అనే ఇంకో క్రియకి కూడా ప్రేరణార్థకం, అంటే ఇంకొకరి చేత చేయించడాన్ని చెప్పే రూపం, 'వేయించు'. పెళ్లికి పందిరి వేయిస్తాం, ఇంటికి రంగు వేయిస్తాం. ఏదీ నూనెలో కాదు.

మనుషులు వేగడం కూడా ఉంది. 'ఈ పిల్లాడితో వేగలేకపోతున్నాను' అనే తల్లికి తను మూకుట్లో ఉన్నానన్న సంగతి తెలియకుండానే తెలుసు. అవతలివాడు సకర్మకంగా చేస్తే అది 'వేపుకు తినడం'. ఇంత చక్కటి మాటలుండగా 'టార్చర్ పెడుతున్నాడు' అని ఎందుకంటారో. వేకువ, వేగుచుక్క మాటల్లోని 'వేగు'ని కొందరు సూర్యుడి వేడితో ముడిపెడతారు. నాకు నమ్మకం లేదు. తెల్లవారుజాముని తమిళంలో 'వైకఱై' అంటారు, మన వేకువ బంధుత్వం అటువైపే కనిపిస్తోంది.

వంటింటి మాట వచ్చాక శ్రీకృష్ణదేవరాయల్ని తలవకుండా నేను కలం దించలేను. రాజ్యం ఏలినవాడు (1509–1529) వంటింటి గడప దాకా వచ్చి ముక్కుతో, చెవితో కవిత్వం రాశాడు. 'ఆముక్తమాల్యద'లో శ్రీవిల్లిపుత్తూరు విష్ణుచిత్తుడు అతిథులకి పెట్టే భోజనం ఋతువుని బట్టి మారుతుంది. ఎండాకాలం చెరకురసం, నీరుమజ్జిగ, వడపిందెలు. వానాకాలం పప్పు, వడియాలు, వరుగులు, వాటితో పాటు నాలుగైదు 'పొగపిన' కూరలు. చలికాలం వచ్చేసరికి మిరియపు పొడి వేసి, చట్టిలో 'చుఱ్ఱు'మంటూ ఇంకా చల్లారని కూరలు. ఆ 'చుఱ్ఱు' దగ్గర నేను ప్రతిసారీ ఆగిపోతాను. బండి ఱ కింద ఇంకో ఱ వేసి అంటే తప్ప ఆ చప్పుడు రాదు. మిరియమే అన్నాడు చూడండి, మిరపకాయ మన వంటల్లోకి ఇంకా రాని కాలం అది. మిరపకాయ బజ్జీ ఎరక్కుండానే ఇంత రాశాడు పాపం.

'పొగపు' అంటే తిరగమోత వేయడం. కాగిన నూనెలో ఆవాలు చిటపటమని, ఘాటు పొగ లేచి కూరకి పట్టాలి. మనం పెట్టే 'పోపు' ఈ 'పొగపు' అరిగి తయారైన మాటేనని నా అభిప్రాయం. 'పోయు' నుంచి వచ్చిందనే వాదమూ ఉంది, కాదనడానికి గట్టి సాక్ష్యం కావాలి. కానీ పొగ రాని పోపు పోపేనా?

సరే, మీ మూకుడు దగ్గరికి వద్దాం. మనవరాలికి ఒక సంగతి చెప్పండి. ఈ వంటల వీడియోల్లో 'ఆయిల్ బాయిల్ అయ్యాక' అంటున్నారు, తెలుగు మాట్లాడాలనుకున్నవాళ్లు 'నూనె మరిగాక' అంటున్నారు. నీళ్లు మరుగుతాయి, నూనె కాగుతుంది. ఇది నా చాదస్తం అనుకోకండి. నీళ్లు 100 డిగ్రీలకి మరుగుతాయి. గారెలకి నూనె 170, 180 డిగ్రీల దాకా వేడెక్కాలి, అప్పుడు కూడా అది మరగదు. గారె చుట్టూ బుడగలు కనిపిస్తాయి కదా, అవి పిండిలోని నీరు ఆవిరై బయటికి వస్తుంటే లేచేవి. బుడగలు తగ్గాయంటే తడి పోయింది, గారె వేగింది. 'కాగు', 'వేగు' అని రెండు వేర్వేరు మాటలు పెట్టుకున్న అవ్వలకి థర్మామీటరు లేదు. చిటికెడు పిండి వేసి, అది పైకి తేలిందో లేదో చూసుకునేవాళ్లు.

హోటల్ మెనూల్లో 'బెండకాయ వేపుడు ఫ్రై' అని కూడా చూశాను. రెండుసార్లు వేయించారేమో, మాడే ఉంటుంది.

మీ 'వండు' మాటకి పిండివంటే సాక్ష్యం. పిండివంటల్లో ఎక్కువ భాగం నూనెలో దిగేవే అయినా వాటిని పిండివేపుళ్లు అనలేదు, వంటలే అన్నారు. కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల్లో 'అరిసెలు వండాం' అనడం నిక్షేపంలాంటి తెలుగు. మీ కోడలి 'గోలించు' తెలంగాణలో ఇంటింటి మాట. పాఠ్యపుస్తకాల్లో చోటు దొరకనంత మాత్రాన అది తక్కువది కాదు. పిండి నూనెలో పడగానే గోల పెడుతుంది కాబట్టి గోలించడం అని నా మిత్రుడొకడు అల్లాడు. అందంగానే ఉంది, అయినా అందం చూసి వ్యుత్పత్తి ఒప్పుకోలేం.

ఇక డీప్ ఫ్రైకి 'నూనెలో వేయించడం' చాలు. నూనె కొలత చెప్పాల్సి వస్తే 'మునిగేంత నూనెలో' అనండి. కావాలంటే నేను 'తైలనిమజ్జన భర్జనం' అని ఒకటి తయారుచేసి ఇవ్వగలను, కానీ అది పలికేలోపు గారెలు నల్లబడతాయి. మనవరాలు 'ఫ్రై' అంటే మాత్రం కోప్పడకండి, వేపుడు అన్న మాట కూడా దాని నోట రోజుకోసారి పలికితే నాకు అభ్యంతరం లేదు.

ఒక్క జాగ్రత్త. తెలంగాణలో చాలాచోట్ల గారెలంటే బియ్యప్పిండితో చేసే కరకరలాడే చెక్కలు. వచ్చే పండక్కి కోడల్ని గారెలు చెయ్యమనే ముందు మినప్పప్పు నానబెట్టాలా, బియ్యం పిండి పట్టించాలా అన్నది ఇద్దరూ తేల్చుకోండి.