ఫాలోవర్లు ఉన్నారు, పెళ్ళిళ్ళు రావడం లేదు

ఆషాఢంలో స్టూడియోలకు పని తగ్గి కాస్త తీరిక దొరుకుతుంది కాబోలు, ఈసారి వచ్చిన ఉత్తరాలలో ఫొటోగ్రాఫర్లవే ఎక్కువ. కెమెరాలు, లెన్సుల గురించిన ప్రశ్నలను పక్కన ఉంచి, ఇంటర్నెట్ ద్వారా వృత్తిని పెంచుకోవడం గురించి అడిగిన వాటికి మాత్రమే ఇక్కడ జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: ఇన్‌స్టాగ్రామ్‌లో మా స్టూడియోకు 18 వేల మంది ఫాలోవర్లు ఉన్నారు. ఒకటి రెండు రీల్స్‌కు లక్షకు పైగా వ్యూస్ వచ్చాయి. అయినా పోయిన మాఘంలో మేము చేసిన పెళ్ళిళ్ళన్నీ పాత కస్టమర్లు చెప్పగా వచ్చినవే. లోపం ఎక్కడుంది? (ఒక పాఠకుడు, భీమవరం)

జవాబు: పాత కస్టమర్లు నలుగురికి చెబుతున్నారంటే మీ పనిలో లోపం లేదు, ఆ పని ఎవరి కంటపడుతోందన్న దానిలోనే ఉంది. రీల్‌ను ఇన్‌స్టాగ్రామ్ మీ జిల్లా వాళ్ళకే చూపించదు, అటువంటి వీడియోలను ఇష్టపడేవాళ్ళు ఎక్కడ ఉంటే అక్కడికి పంపుతుంది. మీ అకౌంట్‌లో చూసినవారి లెక్కలు ఉండే ఇన్‌సైట్స్ తెరిచి, చూస్తున్నవాళ్ళు ఏ ఊళ్ళవాళ్ళో ఒకసారి గమనించండి. అందులో భీమవరం, పాలకొల్లు, తణుకు కనిపించకపోతే ఆ లక్ష వ్యూస్ మీకు సంతోషాన్ని ఇస్తాయే తప్ప అడ్వాన్స్ తెచ్చిపెట్టవు.

పెళ్ళి కుదిరిన ఇంట్లో ఏం జరుగుతుందో మీకు తెలియనిది కాదు. ముహూర్తం పెట్టుకోగానే ఫంక్షన్ హాలు, ఆ వెంటనే భోజనాలు, ఫొటోలు మాట్లాడుకుంటారు. ముందు తెలిసినవాళ్ళను అడుగుతారు, తరువాత ఫోనులో ఊరి పేరుతో కలిపి వెతుకుతారు. అప్పుడు కనిపించేది గూగుల్ మ్యాప్ మీద ఉన్న స్టూడియోల జాబితా. ఒకప్పుడు గూగుల్ మై బిజినెస్ అని పిలిచి, 2021లో గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌గా పేరు మార్చిన, ఆ జాబితాలో చేరే సదుపాయానికి రుసుము లేదు. స్టూడియో బోర్డును, లోపలి గదులను వీడియో తీసి పంపమనడం వంటి పద్ధతులలో మీ చిరునామాను గూగుల్ నిర్ధారించుకుంటుంది. అక్కడ బోర్డు మీద ఉన్న పేరునే రాయాలి. పేరు పక్కన ‘భీమవరంలో నంబర్ వన్ క్యాండిడ్’ వంటి మాటలు తగిలిస్తే అది నిబంధనలకు విరుద్ధం, ప్రొఫైల్‌ను నిలిపివేసే ప్రమాదం కూడా ఉంది. వెతికిన మాటకు మీరు ఎంత తగినవారు, ఎంత దగ్గరలో ఉన్నారు, ఎంత పేరున్నవారు అనే మూడింటిని బట్టి వరుస నిర్ణయిస్తామని గూగుల్ చెబుతుంది. దూరం మీ చేతిలో లేదు కనుక మిగిలిన రెండింటి మీద శ్రద్ధ పెట్టండి.

రివ్యూ అడగడానికి సరైన సమయం ఆల్బమ్ చేతికిచ్చిన రోజు. పెళ్ళి మండపంలో ఎవరికీ తీరిక ఉండదు. ఆల్బమ్ ఆలస్యమైతే ఆ తరువాత మీకు అడిగే మొహం ఉండదు. రివ్యూ రాస్తే డిస్కౌంట్ ఇస్తామనడాన్నీ, తృప్తి పడినవాళ్ళనే ఏరి అడగడాన్నీ గూగుల్ నిషేధించింది. చెడు రివ్యూ వస్తే పోట్లాడకుండా, జరిగినదేమిటో నాలుగు వాక్యాలలో మర్యాదగా రాయండి. దానిని చదివేది ఆ రాసినాయన ఒక్కడే కాదు, రేపు మీకు ఫోన్ చేయబోయే పెళ్ళికూతురి తండ్రి కూడా.

ఇన్‌స్టాగ్రామ్‌ను మానేయమని నేను అనడం లేదు. ప్రొఫైల్ పేరు ఉన్న చోట ఊరి పేరు కూడా చేర్చండి, వెతికినప్పుడు అది పనికొస్తుంది. పైన పిన్ చేసుకోవడానికి వీలున్న మూడు పోస్టులలో ఒకటి మాత్రం పూర్తి పెళ్ళి అయి ఉండాలి: పెళ్ళికూతుర్ని చేయడం, జీలకర్ర బెల్లం, తలంబ్రాలు, అప్పగింతలు, వాటి మధ్యలో పీటల వెనుక నిలబడ్డ మేనమామలు, వంటల దగ్గర తిరుగుతున్న బాబాయిలు, కునుకు తీస్తున్న తాతగారు. పొగమంచులో నిలబడ్డ జంట ఫొటో అమ్మాయికి నచ్చవచ్చు గానీ, డబ్బు ఇచ్చే తల్లిదండ్రుల భయం వేరు. ‘మా తరఫువాళ్ళు ఒక్కరూ ఆల్బమ్‌లో లేరు’ అన్న ఫిర్యాదు వినని స్టూడియో మన రెండు రాష్ట్రాలలో ఉందనుకోను. ఆ భయం తీర్చే పోస్టు ఒక్కటి ఇరవై రీల్స్ పెట్టు. అలాగే మేకప్ ఆర్టిస్టుతోనో డెకరేషన్ చేసినవారితోనో కొలాబ్ పోస్టు పెడితే అది ఇద్దరి ప్రొఫైళ్ళలోనూ కనిపిస్తుంది. వాళ్ళ ఫాలోవర్లు చాలావరకు మీ చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళే కనుక ఆ కొద్దిమందే మీకు విలువైనవారు.

ప్రశ్న: కంప్యూటర్‌లో బాగా కనిపించిన ఫొటోలు ఆన్‌లైన్‌లో పెట్టగానే రంగు చచ్చిపోయినట్టు, మసకగా కనిపిస్తున్నాయి. (ఒక పాఠకురాలు, ఖమ్మం)

జవాబు: ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు కలర్ స్పేస్, అంటే ఫైలులో రంగులను నమోదు చేసే పద్ధతి, అడోబీ ఆర్‌జీబీలో ఉండిపోయిందేమో చూసి, ఎస్‌ఆర్‌జీబీకి మార్చండి. నిలువు ఫొటోను 1080 పిక్సెళ్ళ వెడల్పు, 1350 పిక్సెళ్ళ ఎత్తుకు మీరే తగ్గించి పెడితే, పెద్ద ఫైలును ఇన్‌స్టాగ్రామ్ తనకు తోచినట్టు కుదించే అవసరం రాదు. 2025 ఆరంభం నుంచి ప్రొఫైల్‌లోని గళ్ళు చదరంగా కాక నిలువుగా మారాయి కాబట్టి పాత పోస్టుల అంచులు ఎలా కనిపిస్తున్నాయో కూడా చూసుకోండి. వాట్సాప్‌లో అయితే ఫొటోగా కాక డాక్యుమెంట్‌గా పంపండి.

ప్రశ్న: నేను తీసిన ఒక పెళ్ళి ఫొటోలను మా పేజీలో పెట్టాను. పెళ్ళికూతురి నాన్నగారు ఫోన్ చేసి వెంటనే తీసేయమంటున్నారు. తీసినవాడిని నేను, కాపీరైట్ నాదే కదా? (ఒక పాఠకుడు, గుంటూరు)

జవాబు: కాదు. ఈ విషయంలో మన వృత్తిలో ఉన్నవాళ్ళు చాలామంది పొరబడతారు, నేనూ కొన్నేళ్ళు పొరబడ్డాను. 1957 నాటి కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, ఎవరైనా కోరగా ప్రతిఫలం తీసుకుని తీసిన ఫొటో మీద తొలి హక్కు తీయించుకున్నవారిదే అవుతుంది, దానికి భిన్నంగా ముందే ఒప్పందం చేసుకుని ఉంటే తప్ప. మీ ఇష్టం కొద్దీ తీసుకున్న ఫొటోలకు మీరే హక్కుదారు. పెళ్ళికి మాట్లాడుకుని, డబ్బు తీసుకుని తీసిన వాటికి ఒప్పందం లేకపోతే ఆ కుటుంబమే హక్కుదారు. తీసినది మీరేనని చెప్పుకునే హక్కు 57వ సెక్షన్ కింద మీకు మిగులుతుంది, అది వేరు సంగతి. కాబట్టి ఆ ఫొటోలను ఈ రోజే తీసేసి, తీసేశానని ఆయనకు మీరే ఫోన్ చేసి చెప్పండి.

చట్టం సంగతి అలా ఉంచినా, ఇంట్లో ఆడవాళ్ళ ఫొటోలు ఎవరి కంటపడతాయన్న ఆలోచన ఇన్‌స్టాగ్రామ్‌తో పుట్టినది కాదు. నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ 1892లోనే హైదరాబాదులో స్త్రీల కోసం ప్రత్యేకంగా జెనానా స్టూడియో తెరిచి, అక్కడ ఫొటోలు తీయడానికి ఒక మహిళనే నియమించారు. కస్టమర్ సంకోచాన్ని తప్పుపట్టకుండా, దానికి తగినట్టు తన పద్ధతిని మార్చుకున్న మనిషి ఆయన.

ఇకమీదట అడ్వాన్స్ తీసుకునే రోజునే ఒక పేజీ ఒప్పందం తెలుగులో రాసి, ఇరువైపులా సంతకాలు చేయించుకోండి. ఫొటోల మీద హక్కు ఎవరిదో, వాటిని మీరు సోషల్ మీడియాలో, వెబ్‌సైట్‌లో, డబ్బు కట్టి వేసే ప్రకటనలలో, వీటిలో వేటికి వాడుకోవచ్చో విడివిడిగా రాయాలి. పిల్లల ఫొటోలకు విడిగా అనుమతి అడగడం మంచిది. ఎంతకాలమన్నది తప్పక రాయండి. హక్కు బదిలీ చేసే పత్రంలో కాలపరిమితి లేకపోతే చట్టం దానిని అయిదేళ్ళుగా పరిగణిస్తుంది. ఒప్పుకోని కుటుంబాలు కొన్ని ఉంటాయి, వాళ్ళ పెళ్ళిళ్ళు కూడా అంతే శ్రద్ధగా చేయండి.

ఈ కాగితానికి ఇంకో ప్రయోజనం ఉంది. మీ ఫొటోలను వేరే స్టూడియో తమవని పెట్టుకుంటే కాపీరైట్ ఫిర్యాదు ఇవ్వవలసింది హక్కుదారే. ఒప్పందం లేనినాడు ఆ ఫిర్యాదు చేయడానికి కూడా మీరు పెళ్ళివారిని బతిమాలుకోవలసి వస్తుంది.

ప్రశ్న: పెళ్ళి రీల్‌కు సినిమా పాట పెడితే శబ్దం తీసేశారు. పెళ్ళిళ్ళలో పాటలకు అనుమతి అక్కర్లేదని విన్నాను. (ఒక పాఠకుడు, కరీంనగర్)

జవాబు: మీరు విన్నది పెళ్ళి వేడుకలో పాట వినిపించడానికి సంబంధించిన మినహాయింపు, అది కాపీరైట్ చట్టం 52వ సెక్షన్‌లో ఉంది. దానికీ, ఆ పాటను మీ వ్యాపార ప్రచారానికి వాడుకోవడానికీ సంబంధం లేదు. బిజినెస్ అకౌంట్లకు పాటల ఎంపిక తక్కువగా ఉండడానికి కారణం కూడా అదే. ఇన్‌స్టాగ్రామ్ సంస్థ మెటా వారి సౌండ్ కలెక్షన్‌లోని సంగీతం వాడండి, లేదా పెళ్ళిలోనే రికార్డు చేసిన పంతులుగారి మంత్రాలు, ఇంటివాళ్ళ నవ్వులు వాడండి. నా అభిరుచికి ఈ రెండవదే బాగుంటుంది.

ప్రశ్న: ఫొటోలను గూగుల్ డ్రైవ్ లింకుగా ఇస్తున్నాము. స్టోరేజీ ఎప్పుడూ నిండిపోతోంది. పైగా ఆల్బమ్‌కు ఫొటోలు ఎంపిక చేయడానికి కస్టమర్లు నెలలు తీసుకుంటున్నారు. (ఒక పాఠకురాలు, అనంతపురం)

జవాబు: గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీలో మెయిల్, డ్రైవ్, ఫొటోలు మూడూ ఇమడాలి, 2021 జూన్ 1 నుంచి గూగుల్ ఫొటోస్‌లో పెట్టేవి కూడా లెక్కలోకి వస్తున్నాయి. ఒక్కొక్కటి 10 ఎంబీ చొప్పున మూడు వేల ఫొటోలు 30 జీబీ అవుతాయి, అంటే ఒక్క పెళ్ళికే ఆ చోటు రెండింతలు కావాలి. డబ్బు కట్టక తప్పదు కాబట్టి దానిని పిక్సీసెట్ వంటి క్లయింట్ గ్యాలరీకి కట్టండి. పాస్‌వర్డ్ పెట్టుకోవచ్చు, పైన మీ స్టూడియో పేరు ఉంటుంది, కుటుంబసభ్యులు నచ్చిన ఫొటో మీద గుర్తు పెడితే ఆ జాబితా నేరుగా మీకు అందుతుంది. ఫొటో నంబర్లు కాగితం మీద రాసి, ఆ కాగితం పోయి, మళ్ళీ మొదటి నుంచి చూసుకునే తతంగం తప్పుతుంది. ఎంపికకు గడువు తేదీ కూడా చెప్పండి. గడువు లేని పని ఏ ఇంట్లోనూ కదలదు.

ఆ లింకు అమెరికాలో ఉన్న మేనత్త నుంచి ఊళ్ళో ఉన్న వియ్యాలవారి దాకా వెళ్తుంది, వాళ్ళలో పెళ్ళి ఈడు పిల్లలున్న ఇళ్ళు ఎన్నో ఉంటాయి. ఇంతకంటే చవకైన ప్రచారం నాకు తెలియదు. ముఖాన్ని గుర్తుపట్టి ఎవరి ఫొటోలు వారికి పంపే యాప్‌లు కూడా వచ్చాయి. సౌకర్యమే గానీ, పెళ్ళివారి అనుమతి లేకుండా వాటిని తెరవకండి. గ్యాలరీలో పెట్టాము కదా అని అసలు ఫైళ్ళను చెరిపేయవద్దు: మూడు కాపీలు, రెండు రకాల పరికరాలలో, వాటిలో ఒకటి స్టూడియో బయట ఉండాలి.

ప్రశ్న: పోస్టుకు ‘బూస్ట్’ నొక్కి కొంత డబ్బు పెట్టాను. లైకులు వచ్చాయి, ఫోన్లు రాలేదు. (ఒక పాఠకుడు, తెనాలి)

జవాబు: లైకులు రావాలని మీరు డబ్బు కట్టారు, లైకులే వచ్చాయి. బూస్ట్‌కు బదులు, ప్రకటనలు తయారు చేసుకునే యాడ్స్ మేనేజర్‌లో నేరుగా వాట్సాప్‌కు సందేశం వచ్చే ప్రకటనను ఎంచుకుని, మీరు వెళ్ళి పనిచేయగల ఊళ్ళకే దానిని పరిమితం చేయండి. బిల్లు మీద 18 శాతం జీఎస్‌టీ కలుస్తుందని లెక్కలో ఉంచుకోండి. ముహూర్తాలు నడుస్తున్నప్పుడు కాక, వాటికి రెండు మూడు నెలల ముందు వేయాలి. మూఢంలో అందరూ ఆపేస్తారు గానీ, తరువాతి పెళ్ళిళ్ళు మాట్లాడుకునేది చాలావరకు అప్పుడే.

సందేశం వచ్చాక జరిగేదే ముఖ్యం. వాట్సాప్ బిజినెస్ యాప్‌లో ముందే రాసి ఉంచిన జవాబుతో తేదీ, ఊరు, ఎన్ని కార్యక్రమాలు అని అడిగి, ఆ తరువాతే ధర చెప్పండి. ‘అడిగారు’, ‘కొటేషన్ ఇచ్చాము’, ‘అడ్వాన్స్ వచ్చింది’ అని లేబుళ్ళు పెట్టుకుంటే ఎవరికి మళ్ళీ ఫోన్ చేయాలో తెలుస్తుంది. బ్రాడ్‌కాస్ట్ జాబితాలో 256 మందికి ఒకేసారి పంపవచ్చు గానీ, మీ నంబరును తమ ఫోనులో దాచుకున్నవాళ్ళకే అది చేరుతుంది. అందుకే ఆల్బమ్ ఇచ్చిన రోజున, కాఫీ తాగుతూ, ఆ ఇంట్లో ఇద్దరి ఫోన్లలోనైనా మీ నంబరు సేవ్ చేయించి రండి.