ముందు వచ్చినవారి మీది విసుగు తర్వాతివారికి చేరకుండా

ఇంట్లోవారితో, స్నేహితులతో మాట్లాడేటప్పుడు ఉండే ఓర్పు బస్సులోనో బ్యాంకులోనో ఎదురయ్యే తెలియనివారి దగ్గర నిలవడం లేదని, దయగా మసలుకోవడం సాధనతో అలవడుతుందా అని మీరు అడిగారు. అలవడుతుందనే నా నమ్మకం. తిరుపతిలో అలిపిరికి వెళ్లే దారిలో రుయా, స్విమ్స్, బర్డ్ ఆసుపత్రులు దగ్గర దగ్గరగా ఉంటాయి. ఆ చుట్టుపక్కలే నేను చాలా ఏళ్లుగా మందుల అంగడి నడుపుతున్నాను. చిత్తూరు, కడప, నెల్లూరు వైపుల నుంచి, అటు తమిళనాడు నుంచి రోగులను తీసుకొచ్చినవారు, కొండకు నడిచి వెళ్లేవారు, దిగివచ్చినవారు మా దగ్గరికి వస్తుంటారు. వారిలో చాలామందిని నేను అంతకుముందు చూసి ఉండను, ఆ తర్వాత చూడబోను.

ఇన్నేళ్లలో నాకు స్పష్టంగా అర్థమైనది ఒకటుంది. తెలియని మనిషి మీద మనకు వచ్చే విసుగులో చాలా భాగం ఆ మనిషి వల్ల వచ్చింది కాదు. ఒకాయన డాక్టరు చీటీ లేకుండా నిద్రమాత్రలు ఇమ్మని పట్టుబట్టి, కాసేపు గొంతు పెంచి వెళ్లిపోతాడు. ఆయన వెనకే అంతసేపూ మాట్లాడకుండా నిలబడిన ముసలావిడ, "ఇది ఎప్పుడు ఏసుకోవాల నాయనా" అని మామూలుగా అడుగుతుంది. కటువైన జవాబు ఆమెకు దక్కుతుంది. అత్త మీద కోపం దుత్త మీద చూపడమని పెద్దలు అన్నది ఇలాంటిదే. ఇంట్లోవారి విషయంలో ఇంత సులువుగా ఈ పొరపాటు జరగదు, ఎందుకంటే వారిలో ప్రతి ఒక్కరూ మన మనసులో వేరువేరు మనుషులుగా ఉంటారు. తెలియనివారు మాత్రం అందరూ కలిసి 'జనం' అయిపోతారు, అప్పుడు ఒకరి బాకీని ఇంకొకరి ఖాతాలో రాయడానికి మన చేయి వెనకాడదు. రోజూ 60 వేల నుంచి 80 వేల మంది వరకూ దర్శనం చేసుకొనే కొండ కింద బతుకుతున్న మా ఊరివారికి ఈ ప్రమాదం మరీ ఎక్కువ. ఎదురుగా నిలబడిన మనిషి కాక, పొద్దుటి నుంచీ దారి అడుగుతున్న గుంపంతా ఒక్క ముఖంతో వచ్చినట్టు తోస్తుంది.

అందువల్ల సాధన చేయవలసిన చోటు ఇద్దరు మనుషుల మధ్య ఉన్న ఆ కొద్ది క్షణాలేనని నేను అనుకుంటున్నాను. మొదటివారి పని పూర్తిగా ముగించాలి, అంటే చిల్లర చేతికిచ్చి, వారు కదిలేదాకా ఆగాలి. తర్వాతివారి చేతిలోని చీటీ కంటే ముందు ముఖం చూడాలి. చూసి, అమ్మా అనో, పెద్దాయనా అనో, అన్నా అనో పిలిచిన తర్వాతే చీటీ అందుకోవాలి. తమిళం మాట్లాడేవారు వచ్చినా అమ్మా, అయ్యా అంటే చాలు, పలకరింపు అందుతుంది. మనసులో దయ పుట్టేదాకా ఎదురుచూడనక్కర లేదు. పలకరింపు ముందు వస్తే, గొంతు దానంతటదే తగ్గుతుందని నా అనుభవం. మీరు కౌంటరుకు ఇవతల నిలబడేవారైనా ఇదే పద్ధతి పనికొస్తుంది: బస్సులో కాలు తొక్కినవారి మీది చిరాకు, దిగాక ఎదురైన ఆటో ఆయనతో బేరమాడేటప్పుడు మీ మాటలో ఉందేమో చూసుకోండి.

ఇక ఒకే ప్రశ్నను మళ్లీ మళ్లీ అడిగేవారి సంగతి. ఓర్పుకు అసలైన పరీక్ష ఇక్కడే కనుక కొంచెం వివరంగా చెబుతాను. ఆసుపత్రిలో రోగిని పడుకోబెట్టి వచ్చిన మనిషి తెల్లవారుజాము నుంచి ఏమీ తిని ఉండకపోవచ్చు. లోపల డాక్టరు ఒకసారి, నర్సు ఒకసారి, పక్క మంచం దగ్గర ఉన్న బంధువు ఇంకొకసారి చెప్పిన మాటలు ఆ తలలో కలిసిపోయి ఉంటాయి. చాలామందికి మాత్రల అట్ట మీద ఉన్న ఇంగ్లీషు చదవడం రాదు, రాదని చెప్పుకోవడానికి మొహమాటపడతారు. ఒకటికి మూడుసార్లు అడిగేది అర్థం కాక కాదు, తప్పు చేస్తే లోపల ఉన్న తమ మనిషికి ఏమవుతుందోనన్న భయంతో. అది తెలిశాక మా అంగడిలో పద్ధతి మార్చాము. మందులన్నీ ఒకే కవరులో వేయకుండా విడివిడి కవర్లలో పెట్టి, ఉదయానికి సూర్యుడి గుర్తు, రాత్రికి చంద్రుడి గుర్తు వేస్తాము. పరగడుపున వేయవలసిన మాత్రను పక్కకు తీసి చేతిలో పెట్టి చూపిస్తాము. అట్టను కత్తిరించి ఇవ్వవలసి వస్తే గడువు తేదీ ఉన్న వైపు పోకుండా చూస్తాము. చివరికి, "ఎట్ల ఏస్తావో నాకొకసారి చెప్పు తల్లీ" అని అడుగుతాము. వారి నోటితో వారు చెప్పుకున్నాక మళ్లీ వెనక్కి వచ్చి అడిగేవారు చాలా అరుదు. నవ్వుతూ మాట్లాడటం మంచిదే, కానీ మనం చెప్పింది అవతలివారికి ఇంటికి వెళ్లాక కూడా పనికొచ్చేలా ఉంటేనే నేను దాన్ని దయ అంటాను.

దారి చెప్పడంలోనూ ఇంతే. "అట్ల పో" అని చెయ్యి చూపితే మన పని అయిపోతుంది, వారి పని అవదు. కొండ మీద దర్శనానికి టైము స్లాటు టోకెన్లు ఎక్కడ ఇస్తారని అడిగినవారిని, ఎక్కడ దిగారు, వెంట ముసలివాళ్లు ఉన్నారా, నడిచి ఎక్కుతారా అని రెండు మాటలు అడిగితే, అలిపిరి దగ్గర భూదేవి కాంప్లెక్సు చెప్పాలో, రైల్వే స్టేషను ఎదుట విష్ణు నివాసం చెప్పాలో, బస్టాండు దగ్గర శ్రీనివాసం చెప్పాలో మనకే తెలుస్తుంది.

అలిపిరి దారిలో 3,550 మెట్లున్నాయని తెలిసి కూడా చెప్పుల్లేని కాళ్లతో ఎక్కి వచ్చినవారి నడకను చూస్తే వారు మెల్లగా మాట్లాడటం, లెక్క తప్పడం వింతగా అనిపించదు. గుడిలోకి ఫోన్లు అనుమతించరు కాబట్టి, దర్శనమయ్యాక తమవారి నుంచి తప్పిపోయినవారు కొండ మీద ఇతరుల ఫోను అడగవలసి వస్తుంది. ఇవ్వడానికి భయపడే కాలమిది, ఆ భయం తప్పు కాదు. నంబరు వారిని చెప్పమని, మీరే నొక్కి, స్పీకరు పెట్టి మాట్లాడించండి. మీ జాగ్రత్త మీకుంటుంది, వారి పని అవుతుంది.

ఓర్పు ఒక్కరి గుణంగా చెప్పుకుంటాము గానీ, వేచి ఉండేవారికి ఏ మాటా చెప్పకపోతే ఎంత ఓర్పైనా తెగుతుంది. 2025 జనవరి 8న వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కోసం మా ఊరిలో చేరిన జనంలో తొక్కిసలాట జరిగి ఆరుగురు చనిపోయారు. ఆ రోజు తర్వాత నేను ఏ వరుసలో నిలబడినా ముందున్నవారికి ఆనుకోకుండా ఉంటాను, వెనకవారు తోస్తే తిరిగి మెల్లగా చెబుతాను. మా అంగడి ముందు జనం పెరిగితే, "ఇంకో పది నిమిషాలు పడుతుంది, చంటిబిడ్డ ఉన్నవాళ్లు ఇటు రండి" అని గట్టిగా చెబుతాము. ఎంతసేపో తెలిసిన మనిషి నిలబడగలడు.

దయ అంటే అడిగిందల్లా ఇవ్వడం కాదని కూడా చెప్పాలి. చీటీ లేనిదే ఇవ్వకూడని మందును ఎంత బతిమాలినా ఇవ్వను. "ఇవ్వలేనన్నా, ఓపీలో చూపించుకొని రా, నేను తీసిపెట్టి ఉంచుతా" అంటాను. వరుస తప్పి ముందుకు వచ్చినవారికి, వెనక నిలబడినవారిని చూపించి అడుగుతాను, వారు సరేనంటేనే ముందు ఇస్తాను. ఆ అనుమతి నా చేతిలో లేదు, అంతసేపూ ఎండలో నిలబడినవారి చేతిలో ఉంది. అరిచేవారి విషయంలో నేను గొంతుకు జవాబివ్వను, అడిగిన విషయానికే జవాబిస్తాను. అలా అరిచి వెళ్లి, సాయంత్రం రోగి కుదుటపడ్డాక తిరిగి వచ్చి నెమ్మదిగా మాట్లాడినవారు ఎందరో ఉన్నారు. అయితే మా దగ్గర పనిచేసే అమ్మాయిని ఎవరైనా బూతుమాట అంటే, మందు ఇవ్వడం ఆపి, ముందు ఆమెకు క్షమాపణ చెప్పమంటాను. రోగికి అత్యవసరమైన మందైతే నేనే లేచి తీసిస్తాను, ఆమెతో ఇప్పించను.