అమ్మమ్మ పాటలను సీడీకి ఎక్కించబోయే ముందు

చిరంజీవి మేనకోడలికి, పెదవాల్తేరు నుండి మామయ్య ఆశీర్వదించి వ్రాయునది.

అమ్మమ్మ పాటల క్యాసెట్లను ఈ సెలవుల్లో సీడీలకు ఎక్కిస్తున్నావని మీ అమ్మ చెప్పగానే మనసు నిండింది, ఆ వెంటనే భయమూ పట్టుకుంది. సముద్రపు గాలికి మన ఊళ్లో టేపుకు బూజు పడుతుంది కనుక, తెల్లని మచ్చలున్న క్యాసెట్టును ప్లేయరులో పెట్టవద్దు. టేపును చదివే హెడ్డును స్పిరిట్ అద్దిన దూదితో తుడుచుకో. ఇవి నీకు తెలిసినవే.

రికార్డింగ్ లెవెల్, అంటే ధ్వనిని ఎంత బిగ్గరగా తీసుకోవాలన్న విషయంలో మాత్రం నా మాట విను. పెట్టెలో పన్నెండుకు పదకొండే ఉన్నాయేమని అడిగావట. పన్నెండోదాన్ని పోగొట్టినవాణ్ణి నేనే. మీ అమ్మ పెళ్లిలో అమ్మమ్మ పాడిన అప్పగింతల పాట అందులో ఉండేది. 1998లో కంప్యూటరు కొన్న కొత్తలో దాన్ని ఎక్కించాను. ఆ సౌండ్ కార్డులో కంప్యూటరు రొద గుయ్యిమని వినిపించేది. అది అణగాలని, టేపు రోజుల అలవాటు కొద్దీ, లెవెల్‌ను ఎర్ర గీత దాకా పెంచాను. టేపయితే కొంచెం మించినా ఓర్చుకుంటుంది. డిజిటల్‌లో 16 బిట్లంటే ధ్వని ఎత్తును కొలవడానికి 65,536 మెట్లు. పై మెట్టు దాటిన శిఖరానికి అంకె లేదు కనుక అది చదునుగా తెగిపోతుంది. అమ్మమ్మ గొంతు తారస్థాయికి వెళ్లిన ప్రతిచోటా ఎండుటాకులు నలిగిన చప్పుడే మిగిలింది. నేను చివరిదాకా వినకుండానే, సీడీ చిరకాలం ఉంటుందన్న నమ్మకంతో, ఆ క్యాసెట్టు మీద ఏదో ప్రవచనం రికార్డు చేసేశాను.

రొద అణగాలని లెవెల్ పెంచాల్సిన ఇబ్బంది నీకు లేదు. 1982లో వచ్చిన సీడీ లెక్క, సెకనుకు 44,100 నమూనాలు, 16 బిట్లు, నేటికీ మారలేదు. మారినవి ధ్వనిని అంకెలుగా, అంకెలను ధ్వనిగా మార్చే కన్వర్టర్లు. ఫిలిప్స్ తొలి ప్లేయర్లలో కన్వర్టరు 14 బిట్లదే, ఆ లోటును నాలుగింతల ఓవర్‌శాంప్లింగ్‌తో, అంటే నమూనాల సంఖ్యను నాలుగు రెట్లు చేసి, పూడ్చారు. ఇప్పుడు ప్లేయరును కంప్యూటరుకు కలిపే మామూలు యూఎస్‌బీ ఇంటర్‌ఫేసు కూడా 24 బిట్లలో తీసుకుంటుంది. అతి బిగ్గరైన స్వరానికి మీటరు, పై హద్దయిన సున్నాకు కిందుగా, మైనస్ 12 డెసిబెల్స్ దాటకుండా ఉంచినా, యంత్రపు రొద క్యాసెట్టు బుస కంటే ఎంతో కిందనే ఉంటుంది. కాబట్టి పెంచాలన్న ఆశ వద్దు. సీడీ కోసం 16 బిట్లకు దించేటప్పుడు డిథర్ (బిట్లు తగ్గించినప్పుడు వచ్చే వికృతిని పోగొట్టే సన్నని రొద) వేయి, 24 బిట్ల ఫైలును విడిగా దాచు. చివరిదాకా వినకుండా ఏ క్యాసెట్టునూ పక్కన పెట్టకు, విన్నాక కూడా పారేయకు. తొందరలో నువ్వు అచ్చం మీ అమ్మవే, అందుకే ఇన్నిసార్లు చెబుతున్నాను తల్లీ.

నా పాత సీడీని కూడా పంపుతున్నాను. తెగిన శిఖరాలను ఊహించి పూరించే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి, వీలైతే ప్రయత్నించు. మీ అమ్మకు వినిపించే ముందు నాకు ఒక్కసారి ఫోన్ చేయి.

మామయ్య