లైట్ల వేడికి కారిపోని పాతకాలం క్రాఫు

తమ్ముడూ, 1940ల నాటకంలో దొర వేషానికి కొబ్బరినూనె రాసి దువ్వితే రెండో సీన్‌కల్లా నుదుటి మీదికి కారుతోందన్నావు కదా, కారక ఏం చేస్తుంది, అది 24 డిగ్రీలకే కరిగిపోతుంది, మన నల్లగొండ ఎండలో సీసాలోనే నీళ్లలా ఉంటుంది. ఆ రోజుల్లో షోకు చేసేవాళ్లు వాడింది పొమేడ్, అంటే కొవ్వు, మైనం కలిపిన ముద్ద. 1928లో ఇంగ్లాండులో వచ్చిన బ్రిల్‌క్రీమ్‌లోనూ మినరల్ ఆయిల్‌తో పాటు తేనెమైనం ఉండేది. జుట్టును పట్టి ఉంచేది ఆ మైనమే, ఎందుకంటే అది 62 డిగ్రీలు దాటితే గానీ కరగదు.

నాలుగు చెంచాల వాసెలిన్‌లో ఒక చెంచా తురిమిన తేనెమైనం వేసి, గిన్నెను వేడినీళ్లలో పెట్టి కరిగించు, నేరుగా మంట మీద మాత్రం పెట్టకు. చల్లారాక శనగగింజంత తీసుకుని అరచేతుల్లో మెత్తబడేదాకా రుద్ది, కాస్త తడి జుట్టుకు పట్టించి, సన్నపళ్ల దువ్వెనతో పాపిడి తీయి. ఎక్కువైతే మాత్రం అట్ట కట్టినట్టు కనిపిస్తుంది. ఇదంతా తలనొప్పి అనుకుంటే నీళ్లతో కడిగితే పోయే పొమేడ్ డబ్బా కొనుక్కో, చూపుకు పెద్ద తేడా ఉండదు.

ఇంట్లో చేసింది ఒట్టి షాంపూకి లొంగదు. ముందు పొడి జుట్టుకే కొబ్బరినూనె బాగా రుద్ది, తర్వాత కుంకుడు రసంతో రెండుసార్లు రుద్దుకో.