వాగు బాగుచేసుకోవడానికి, గట్ల మీద చెట్లు పెంచడానికి గ్రాంటు: మా నార్పల వైపు అనుభవం

అనంతపురం జిల్లా శింగనమల దగ్గర కొందరు రైతులు కలిసి తమ వాగును బాగుచేసుకుని, గట్ల మీద చెట్లు పెంచాలనుకుంటున్నారు, దానికి గ్రాంటు ఏదైనా ఉందా అని మీ ప్రశ్న. ఆ పేరుతో వెతుక్కుంటూ ఆఫీసుల చుట్టూ తిరగకండి. పనిని ముక్కలు చేస్తే ఒక్కో ముక్కకు ఒక్కో చోట దారి దొరుకుతుంది.

మట్టి పని, చెట్లు మేము ఉపాధి హామీలో చేయించుకున్నాం. ఆ పథకం దేశంలో మొదలైందే 2006 ఫిబ్రవరి 2న మన నార్పల మండలం బండ్లపల్లిలో. కందకం, పంట కుంట, రాతి కట్ట అంటే ఇక్కడి కూలీలకు కొత్తగా నేర్పేదేమీ లేదు. మా పని జరిగినప్పటి నిబంధనలు చెబుతాను. సొంత పొలంలో పనికి సన్న, చిన్నకారు రైతులు అర్హులు. జాబ్ కార్డు ఉండాలి, ఇంట్లో ఒకరైనా ఆ పనిలోకి దిగాలి. వాగు ఉమ్మడిది కనుక అది పంచాయతీ పనిగా రావాలి. రెండూ గ్రామసభ తీర్మానంలోకి ఎక్కాలి. ‘రాసుకున్నాంలే’ అంటే నమ్మకండి, సర్వే నంబరు కళ్లతో చూసుకోండి. మా పక్క పొలం వారి పేరు అలాగే జారిపోయి మరుసటి ఏడాదికి పడింది.

డబ్బు మీ చేతికి రాదు. కూలి నేరుగా కూలీల ఖాతాల్లో పడుతుంది. పనికి ముందు, మధ్యలో, చివర ఫొటోలు తీస్తారు. ఆగలేక జేసీబీతో తవ్వించి తర్వాత బిల్లు అడిగితే పైసా రాదు. సామగ్రి బిల్లులు మాకు చాలా ఆలస్యమయ్యాయి. అందుకే సిమెంటు చెక్‌డ్యాం జోలికి పోక రాతి కట్టలే అడిగాం.

ఒక్క విషయంలో మాత్రం పట్టుబట్టండి. నీరు కుంటలోకి దిగే ముందు పూడిక గుంత ఉండాలి. మన ఎర్ర నేలల్లో తొలి వాన నీరు డికాషన్‌లా వస్తుంది. ఆ మట్టి గుంతలో అడుగుకు చేరి, పైన తేరిన నీరు రాళ్లు పరిచిన దారి మీదుగా కుంటలోకి జారుతుంది. ఎండాకాలంలో ఆ ఒండ్రు ఎత్తి చీనీ (బత్తాయి) చెట్ల పాదుల్లో వేస్తున్నాం. అంచనాలో ఇది లేకపోతే టెక్నికల్ అసిస్టెంటుతో ముందే రాయించండి, తర్వాత చేర్చమంటే ఎవరూ వినరు.

గట్ల మీద కానుగ, సీతాఫలం పెట్టండి. మేకలు ముట్టవు. మా దగ్గర కంచె లేకుండా నిలబడినవి అవే. ఇప్పుడు వాటి నీడన కౌజు పిట్టలు తిరుగుతున్నాయి.

మీ ఊరు ప్రధానమంత్రి కృషి సించాయీ యోజన వాటర్‌షెడ్ పరిధిలో ఉందేమో కూడా కనుక్కోండి. ఉంటే పెద్ద పనులు అందులోకి నెట్టవచ్చు.

నీటి నాణ్యత కట్టలతోనే తేలదు. పై పొలాల ఎరువు, మందు చివరికి వాగులోకే వస్తాయి. రైతు సాధికార సంస్థ ప్రకృతి సాగులో శిక్షణ ఇస్తుంది. వానలకు ముందే నవధాన్యాలు చల్లి నేలను కప్పి ఉంచితే మట్టి కొట్టుకుపోవడం బాగా తగ్గుతుంది. బోరు నీటిని గ్రామీణ నీటి సరఫరా విభాగం ప్రయోగశాలలో పరీక్ష చేయించండి. తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే నీరు లేకపోతే 1.5 వరకు సరే. ఆ పరీక్ష పని మొదలుకాక ముందు ఒకసారి, రెండు వానాకాలాలు గడిచాక మరోసారి చేయించి, రెండు కాగితాలూ దాచుకోండి. తర్వాతి పని అడగడానికి గ్రామసభలో అవే పనికొస్తాయి.