‘భయపడకుము’ ఆజ్ఞేనా?

సందేహం: మా సంఘంలో ఈమధ్య ఒక ప్రసంగంలో “భయపడకుము అన్నది విధ్యర్థక క్రియ, అంటే దేవుని ఆజ్ఞ. భయపడిన విశ్వాసి ఆజ్ఞను మీరినట్టే” అని చెప్పారు. ఆపరేషన్‌కు సిద్ధమవుతున్న మా అమ్మ ఆ మాట విని, భయంతో పాటు ఇప్పుడు పాపం చేస్తున్నానన్న దిగులు కూడా పెట్టుకుంది. వ్యాకరణం నిజంగా అలా చెబుతుందా? మరొకటి. ఒకచోట భయపడవద్దని చెప్పిన బైబిలే ఇంకోచోట ‘యెహోవాయందు భయభక్తులు’ ఉండాలంటుంది, ‘దేవునికి భయపడుడి’ అంటుంది. అసలు ‘యందు భయం’ తెలుగేనా? చివరగా, సంఘం బ్యానరు మీద ‘భయపడకుడి’ అని రాయించాలా, ‘భయపడకుడు’ అనా? – ఒక పాఠకురాలు

సమాధానం: పాపం, వ్యాకరణాన్ని సాక్షిగా పిలిచి దానిచేత అబద్ధం చెప్పించారు. ‘భయపడకుము’ వ్యతిరేక విధి రూపమే, అంతవరకు నిజం. కాని ‘విధి’ అన్నది వ్యాకర్తలు ఆ రూపానికి పెట్టుకున్న పేరు మాత్రమే. ఆ రూపం చేసే పనులు చాలా ఉన్నాయి. సంస్కృతంలో దీనికి సాటి అయిన ‘లోట్’ అనే క్రియారూపానికి పాణిని చెప్పిన అర్థాల్లో విధి, అంటే ఆజ్ఞాపించడం, ఒకటి. నిమంత్రణం, ఆమంత్రణం, ప్రార్థన మొదలైనవి దాని పక్కనే ఉన్నాయి. తెలుగులోనూ అంతే. ‘లోపలికి రండి’ అన్నప్పుడు ఎవరూ ఎవరినీ శాసించడం లేదు. ‘నూరేళ్లు చల్లగా బతుకు’ అన్నది ఆజ్ఞ అయితే, తొంభైకే పోయినవాడు నేరస్థుడవుతాడు. అంతదాకా ఎందుకు, 16వ కీర్తన మొదట్లోనే “దేవా, నీ శరణుజొచ్చియున్నాను, నన్ను కాపాడుము” అని ఉంది. ‘కాపాడుము’ కూడా విధ్యర్థకమే. దావీదు దేవుడికి ఆజ్ఞ జారీ చేశాడని ఏ ప్రసంగంలోనూ వినలేదు.

మరి ఎక్కడ ఆజ్ఞో, ఎక్కడ ఓదార్పో తెలిసేదెలా? పక్కన ఏముందో చూడాలి. ఆజ్ఞ వెనక చాలాసార్లు ‘లేకపోతే’ అన్న మాట పొంచి ఉంటుంది. ఓదార్పు వెనక కారణం ఉంటుంది. యెషయా 41:10 తీసుకోండి: “నీకు తోడైయున్నాను భయపడకుము, నేను నీ దేవుడనై యున్నాను దిగులుపడకుము, నేను నిన్ను బలపరతును”. తోడు ముందు వచ్చింది, ‘భయపడకుము’ ఆ తర్వాతే వచ్చింది. చీకట్లో పెరట్లోకి వెళ్లడానికి జంకే పిల్లవాడితో ‘నేను వస్తున్నాను పద, భయపడకు’ అన్నప్పటి వరసే ఇది. ఆ పిల్లవాడు రెండడుగులు వేసి మళ్లీ భయపడితే మాట వినలేదని ఎవరూ కొట్టరు, చెయ్యి పట్టుకుంటారు. మన సంఘాల వాడుక కూడా ఈ విషయంలో ప్రసంగీకుల కంటే తెలివైనది. కొత్త సంవత్సరం నాడు ఈ వచనాన్ని కార్డు మీద వేసి పంచేటప్పుడు దాన్ని ‘వాగ్దానం’ అంటారు. ‘ఈ ఏటి ఆజ్ఞ’ అని ఎవరూ అనరు.

అదే వచనంలో క్రియల జతను కూడా గమనించండి. భయపడు, దిగులుపడు: ఈ రెండింటి చివర ఉన్నది ‘పడు’. ‘బలపడు’ అన్న క్రియ కూడా మనకు ఉంది. కాని అనువాదం ‘బలపడుము’ అనలేదు, ‘బలపరతును’ అంది. ‘పడు’కు ప్రేరణ రూపం ‘పరచు’: స్థిరపడు–స్థిరపరచు, బలపడు–బలపరచు. భయపడేది మనిషి, బలపరిచేది దేవుడు. ధైర్యాన్ని సొంతంగా తయారు చేసుకు రమ్మని ఆ వాక్యం మీ అమ్మగారిని అడగడం లేదు. (‘బలపరతును’ అంటే నేటి ‘బలపరుస్తాను’. ‘బలపరచుదును’లోని ‘చుదు’ ‘తు’ అయింది. 27వ కీర్తనలో ‘ఎవరికి వెరతును?’ అన్నదీ ఇలాంటిదే: వెరచుదును, వెరతును.)

యెహోషువ 1:9లో “నేను నీకు ఆజ్ఞ యిచ్చియున్నాను గదా” అని ఉంది కదా అంటారేమో. ఉంది. అక్కడ ఆజ్ఞే. మోషే పోయాక యొర్దాను దాటించవలసిన నాయకుడితో అంటున్న మాట అది. అయితే అక్కడ అది ఆజ్ఞ అని తెలియడానికి ‘ఆజ్ఞ’ అనే పదాన్ని విడిగా వాడవలసి వచ్చింది. అదే వచనంలోని ‘జడియకుము’ (భయపడకుము) ఒక్కటే ఆ పని చేయగలిగితే ‘ఆజ్ఞ’ అనే పదంతో అవసరమే లేదు.

ఇక అసలు ప్రశ్న: భయం కలగడమే తప్పా? దీనికి 56వ కీర్తన కంటే మంచి జవాబు నాకు దొరకలేదు. ఫిలిష్తీయులు దావీదును గాతులో పట్టుకున్నప్పటిదని దాని శీర్షిక చెబుతుంది. ఆ రోజుల్లో అతడు గాతు రాజు ఆకీషుకు ఎంతగా భయపడ్డాడో, పిచ్చివాడిలా నటించి ఎలా బయటపడ్డాడో మొదటి సమూయేలు 21వ అధ్యాయం దాచకుండా రాసింది. కీర్తన మూడో వచనం: “నాకు భయము కలుగు దినమున నిన్ను ఆశ్రయించుచున్నాను”. నాలుగో వచనం: “దేవునియందు నమ్మికయుంచియున్నాను, నేను భయపడను”. పైపైన చూస్తే ఒకదానికొకటి అడ్డం. మొదట భయం ఉందన్నాడు, వెంటనే భయపడనన్నాడు.

తెలుగు తెలిసినవారికి ఇందులో చిక్కు లేదు. ‘నాకు భయము కలుగు’ అన్నప్పుడు కర్త ‘భయము’, నేను కాదు. నాకు ఆకలి వేసింది, నాకు జ్వరం వచ్చింది, నాకు భయం కలిగింది – వీటన్నిటిలో మనిషి ‘నాకు’ అంటూ ‘కు’ విభక్తిలో ఒదిగి కూర్చుంటాడు. వచ్చేది వస్తుంది. దానికి అతడు బాధ్యుడు కాడు. ‘నిన్ను ఆశ్రయించుచున్నాను’ అన్నప్పుడు మాత్రం అతడే కర్త. ‘భయపడను’లోనూ అతడే కర్త. ఆ వచనాలు ఉన్న వరస చూడండి. భయం కలగడానికీ ‘భయపడను’ అనడానికీ మధ్య ఆశ్రయించడం ఉంది, నమ్మిక ఉంచడం ఉంది. కలిగిన భయానికి లొంగిపోనన్నది దావీదు మాట. భయమే కలగలేదని అతడు బొంకలేదు. ప్రసంగీకుడు ‘కలుగు’నూ ‘పడు’నూ ఒక్కటి చేయడం వల్ల ఆపరేషన్ బల్ల ముందున్న మనిషికి లేనిపోని నేరం అంటింది. మీ అమ్మగారికి ఈ రెండు వచనాలూ కలిపి చదివి వినిపించండి.

రెండో సందేహం విభక్తులది. ఎవరివల్ల భయమో వారికి తెలుగులో ‘వలన’ వస్తుందని చిన్నయసూరి బాలవ్యాకరణం కారక పరిచ్ఛేదంలో చెప్పాడు. ముచ్చటైన సంగతి ఏమిటంటే, అదే సూత్రంలో ‘త్రాణం’, అంటే రక్షణ కూడా ఉంది. దొంగల వలన భయం, దొంగల వలన రక్షణ: రెంటికీ ఒకే విభక్తి. వాడుకలో ‘వలన’ కాస్త వెనకబడి ‘కి’ ముందుకొచ్చింది. పులికి భయపడ్డాడు అంటాం. ‘దేవునికి భయపడుడి’ (1 పేతురు 2:17) ఆ దారిలోదే, శుద్ధమైన తెలుగు.

‘యందు’ స్వభావం వేరు. అది భక్తికి, ప్రేమకు, విశ్వాసానికి చోటు చూపే విభక్తి. పాఠశాల ప్రశ్నపత్రాలు గుర్తు చేసుకోండి: దొంగభయం పంచమీ తత్పురుష, దైవభక్తి సప్తమీ తత్పురుష. ‘పులియందు భయం’ ఎవరూ అనరు. అందుచేత ఒంటిగా ‘దేవునియందు భయము’ అంటే చెవికి కొంచెం తేడాగానే తగులుతుంది. ‘యెహోవాయందు భయభక్తులు’ అన్నప్పుడు ఆ తేడా ఉండదు. అది ద్వంద్వ సమాసం. ‘యందు’ను కోరుకున్నది భక్తి. భయం దాని చెయ్యి పట్టుకుని లోపలికి వచ్చింది. వచ్చాక, పులిముందు కలిగే భయంగా మిగలలేదు. గురువు దగ్గర, తల్లిదండ్రుల దగ్గర ఉండే భయభక్తులు మనకు కొత్త కాదు కదా.

నిర్గమకాండం 20:20లో ఈ రెండు భయాలూ పక్కపక్కనే ఉన్నాయి. సీనాయి కొండ దగ్గర ఉరుములకు వణుకుతున్న జనంతో మోషే ‘భయపడకుడి’ అంటాడు, అదే ఊపులో వారు పాపం చేయకుండా ఉండేందుకు ‘ఆయన భయము’ కలగాలనీ అంటాడు. హీబ్రూలో రెండుచోట్లా ధాతువు ఒకటే. తెలుగు అనువాదమూ అక్కడ ‘భయము’నే రెండుసార్లు వాడింది. సామెతల గ్రంథానికి వచ్చేసరికి ‘భయభక్తులు’ అని విడదీసి చూపింది. ఈ రెండో పద్ధతే నాకు నచ్చుతుంది. మొదటిది చదివేవాడికి వ్యాఖ్యాత తోడు కావాలి.

‘నమ్మిక’ గురించి మీరు అడగలేదు గాని, అది క్రైస్తవులు పుట్టించిన మాట అనుకునేవారు ఉన్నారు. కాదు. కోరు–కోరిక, ఓపు–ఓపిక లాగే నమ్ము–నమ్మిక. ‘దేవుని నమ్మాను’ అన్నా ‘దేవునియందు నమ్మికయుంచాను’ అన్నా తప్పు లేదు. ‘ఉంచు’ వాడితే చోటు చెప్పాలి కాబట్టి ‘యందు’ గానీ నేటి వాడుకలోని ‘మీద’ గానీ రాక తప్పదు.

బ్యానరు సంగతి. విధి బహువచనంలో ‘డు’, ‘డి’ రెండూ గ్రంథాల్లో ఉన్నవే. ‘చిన్న మందా భయపడకుడి’ అని లూకా 12:32లో ఉన్నది ‘డి’ రూపమే. వచనాన్ని వచనంగా రాయిస్తే అలాగే ఉంచండి. ‘భయపడకుడు’ అంటే వ్యాకరణం ఒప్పుకున్నా, ఈ కాలపు పిల్లలు అది ఎవరి పేరో అనుకుంటారు. వచనం కాక మీ సొంత మాటే అయితే ‘భయపడకండి’ అని రాయించండి.